సోమశిల నీటిలో గాలిపటాలు: బోర్డు పాతి చేతులు దులుపుకోకండి

నెల్లూరు జిల్లాలో నీటిపారుదల, మత్స్య, పర్యాటక, విద్యుత్, పోలీసు శాఖల అధికారులకు, మా ప్రజాప్రతినిధులకు, సెలవు రోజుల్లో కైట్ సర్ఫింగ్ కోసం సోమశిల జలాశయానికి వచ్చే యువతకు

నమస్కారం.

ఇందులో ఉన్న సంగతులన్నీ ముందు అర్జీగానే ఇచ్చాం. సోమవారం అర్జీల రోజున వరసలో నిలబడి ఇచ్చి, రసీదు తీసుకున్నాం. మళ్లీ వెళ్లి అడిగితే పైవాళ్లకు పంపామన్నారు. పైవాళ్లను అడిగితే కింద విచారణ జరుగుతోందన్నారు. తెల్లారకముందే వల తీయాల్సిన మనుషులకు ఆఫీసుల చుట్టూ ఇలా తిరిగే తీరిక ఉండదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. ఏ కార్యాలయంలో ఎవరు ఏమన్నారో పేర్లు రాయను. ఒక ఆఫీసును వేలెత్తి చూపితే మాకు ఒరిగేదేమీ లేదు. నీటిలో ఎవరి ప్రాణం పోకూడదు, నీటి మీద బతికేవాళ్ల కూడు పోకూడదు. మేం అడిగేది ఆ రెండే.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మాది జలాశయంలో చేపలు పట్టి బతికే కుటుంబం. మా చిన్నాన్నలు, వాళ్ల పిల్లలు ఇప్పటికీ పుట్టి అనే గుండ్రటి చిన్న పడవ మీదే ఆధారపడ్డారు. కైట్ సర్ఫింగ్ అంటే నాకు పగ లేదు. రామేశ్వరం వెళ్లి నేర్చుకున్నవాణ్ణి, నాకు ఆ ఆట ఇష్టం. ఇష్టం కాబట్టే అది ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడకూడదో కూడా కొంత తెలుసు.

చూడనివాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తాను. పలకకు ఉన్న పట్టీల్లో కాళ్లు దూర్చి, నడుముకు బెల్టు బిగించి, ఆ బెల్టుకు తగిలించిన పెద్ద గాలిపటం లాగుతుంటే నీటి మీద జారుకుంటూ పోవడమే ఈ ఆట. గాలిపటం 7 నుంచి 14 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. సంక్రాంతికి పిల్లలు ఎగరేసే కాగితంతో దానికి పోలికే లేదు, ఒక చిన్న గది నేలంత ఉంటుంది. అంచున గాలి కొట్టిన గొట్టం ఉంటుంది కాబట్టి నీటిలో పడినా మునగదు, మళ్లీ లేపుకోవచ్చు. ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ అన్నదమ్ములు 1984లో ఈ తరహా గాలిపటానికి పేటెంట్ తీసుకున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇది పతకాల క్రీడ కూడా అయింది, పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. మనిషికీ గాలిపటానికీ మధ్య 20 మీటర్లకు పైగా పొడవున నాలుగైదు సన్నటి తాళ్లు ఉంటాయి. మందం రెండు మిల్లీమీటర్లయినా ఉండదు, కానీ ఒక్కో తాడు మనిషి బరువుకు రెండు మూడింతలు లాగినా తెగదు. మా బాధంతా ఈ తాళ్లతోనే.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో, ఒక ఆదివారం సాయంత్రం మా చిన్నాన్న వల వేయడానికి పుట్టిలో వెళ్లాడు. కొంత దూరంలో ఇద్దరు కుర్రాళ్లు గాలిపటాలతో తిరుగుతున్నారు. పడమటి గాలి ఉన్నట్టుండి పడిపోయింది, ఒక గాలిపటం నీటి మీద వాలింది. దాని తాళ్లు వలను తేల్చి ఉంచే బెండ్లలో చిక్కుకున్నాయి. అది కుర్రాడికి కనిపించలేదు. గాలి మళ్లీ రాగానే గాలిపటం లేపాడు. అది వలను కూడా ఎత్తుకుని లేచింది. వల కొస చిన్నాన్న చేతిలో ఉంది. తాడు ఆయన ముంజేతి మీదుగా రాసుకుంటూ పోయింది. చర్మం తెగి లోపలి కండ బయటపడింది, పుట్టి తిరగబడింది. ఆ కుర్రాడు మంచివాడు. వెంటనే బెల్టు దగ్గరుండే లాకు లాగి గాలిపటాన్ని వదిలేసి, ఈదుకుంటూ వచ్చి, తన జాకెట్ ఆయనకు తొడిగి పట్టుకున్నాడు. తన కారులోనే ఆత్మకూరు తీసుకెళ్లి కుట్లు వేయించాడు. చిన్నాన్న ఆ పిల్లవాణ్ణి ఇప్పటికీ ఒక్క మాట అనడు. కానీ రెండు వారాలు తెడ్డు పట్టుకోలేకపోయాడు. ఆ రెండు వారాలు ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో మా పిన్నికి తెలుసు.

దాని తర్వాతే అర్జీ ఇచ్చాం. గాలిపటాలకు ఒక చోటు, ఒక వేళ కేటాయించండి, వలలు ఉన్న నీటిలోకి రానివ్వకండి అని అడిగాం. కొన్ని వారాలకు రేవు దగ్గర ఒక బోర్డు వెలిసింది. జలాశయంలోకి దిగడం, ఈత కొట్టడం, పడవలు నడపడం నిషేధం, అతిక్రమిస్తే చర్యలు తప్పవు అని దాని మీద రాశారు. గాలిపటాల గురించి ఒక్క ముక్క లేదు. మా అర్జీకి వచ్చిన జవాబు అదొక్కటే.

ఆ బోర్డు వల్ల, అసలు ఏర్పాటు లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. బోర్డు దెబ్బ మాకే తగిలింది. కైట్ సర్ఫింగ్ చేసేవాళ్లకు కారు ఉంది, ఫోన్లో మ్యాప్ ఉంది. వాళ్లు బోర్డు లేని ఇంకో ఒడ్డుకు వెళ్లిపోయారు. మేం ఎక్కడికి వెళ్తాం? మా పుట్టి రేవులోనే ఉంటుంది. ఒకరోజు మావాళ్ల పుట్టిని లాక్కెళ్లారు, బతిమాలుకుంటే ఇచ్చారు. బర్రెలను నీళ్లకు తోలే ముసలాయన్ను వెనక్కి పంపారు. బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు బోర్డు చూసి భయపడి కాలువ దాకా మోసుకుపోతున్నారు. మావాళ్ల దగ్గర చేపల వేటకు లైసెన్సు ఉంది. ఒక శాఖ దిగమని కాగితం ఇస్తుంది, ఆ నీటి ఒడ్డునే ఇంకొక బోర్డు దిగొద్దంటుంది. ఎవరైనా ఆపితే ఏ కాగితం చూపించాలి? దీనికి తోడు ఇంకొక టెన్షన్. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. పడవలు నిషేధం అని రాసి ఉన్న నీటిలో రేపు ఎవరికైనా ఏమైనా అయితే, అక్కడికి ఎందుకు వెళ్లాడని క్లెయిమ్ దగ్గర అడ్డం తిరగరని ఎవరు హామీ ఇస్తారు? ఈ ప్రశ్న అర్జీలో కూడా రాశాం. జవాబు రాలేదు.

2. సోమశిల గాలి సముద్రపు గాలి లాంటిది కాదు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బోర్డు పెట్టినవాళ్లూ గాలిపటం ఎగరేసేవాళ్లూ ఇద్దరూ దీన్ని పట్టించుకోలేదు. పెన్న వెలికొండలను చీల్చుకుని బయటికి వచ్చే చోట మన కట్ట ఉంది. నీరు ఎక్కువ భాగం కట్టకు పడమటి వైపు, కడప జిల్లాలోకి పరుచుకుని ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచే వీస్తుంది. విశాలమైన నీటి మీదుగా వచ్చిన ఆ గాలి కొండల మధ్య సందులో దూరేటప్పుడు వేగం పుంజుకుంటుంది. కొండ మొన దాటిన చోట సుళ్లు తిరుగుతుంది. ఒక నిమిషం గాలి ఉండదు, మరు నిమిషం మనిషిని లేపేంత వస్తుంది. కైట్ సర్ఫింగ్‌కు మామూలుగా గంటకు 22 నుంచి 46 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వీచే గాలి కావాలి. గాలి వేగం రెండింతలైతే గాలిపటం లాగే బలం నాలుగింతలవుతుంది. 22కు సరిపోయే పెద్ద గాలిపటం పట్టుకుని ఉన్నవాడి మీదికి 44 గాలి వచ్చిందంటే, వాడు దాన్ని నడపడు, అదే వాణ్ణి ఈడ్చుకుపోతుంది.

ఎటు ఈడ్చుకుపోతుందన్నది ఇంకా ముఖ్యం. కట్ట దగ్గర నీటిలోకి దిగితే పడమటి గాలి నేరుగా కట్ట రాళ్ల మీదికీ గేట్ల వైపుకూ తోస్తుంది. అవతలి పడమటి ఒడ్డున దిగితే అదే గాలి ఒడ్డు నుంచి నడి నీటిలోకి తోసేస్తుంది, తిరిగి రావడానికి దారి ఉండదు. ఈ ఆటకు పక్కవాటు గాలి తగిలే ఒడ్డు కావాలి. గాలి వాలు వైపు రాయీ, చెట్టూ, మనిషీ లేని ఖాళీ ఉండాలి. కోచ్‌లు మొదటి రోజే చెప్పే పాఠం ఇది. సోమశిల చుట్టూ అలాంటి చోటు ఎక్కడుందో ఏ వేళప్పుడు గాలి ఎలా మారుతుందో మా పుట్టివాళ్లకు తెలుసు. వాళ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

3. నీటి అడుగున ఏముందో పైకి కనపడదు. ఇది 78 టీఎంసీల జలాశయం. దీని కోసం ఊళ్లు మునిగాయి. నీరు తగ్గినప్పుడు ఎగువన పాత గోడలు, బావి గట్లు, చెట్ల మోళ్లు తేలతాయి. నీరు నిండినప్పుడు అవి ఎక్కడున్నాయో కొత్తవాళ్లకు తెలియదు. వేగంగా జారుతూ పోయే పలక మోడుకు తగిలితే మనిషి ముందుకు ఎగిరిపడతాడు. నీటిమట్టం నెలకు ఒకలా ఉంటుంది కాబట్టి, నిరుడు బాగున్న చోటు ఈసారి బాగుంటుందనీ చెప్పలేం.

4. వల పోతే ఒక్క వలే పోదు. మావాళ్లు సాయంత్రం వల వేస్తారు, తెల్లవారుజామున తీస్తారు. ఐసు పెట్టెలతో వ్యాపారి వచ్చి బొచ్చెలు, శీలావతులు తూకం వేసుకుపోతాడు. వల కొనడానికి, పుట్టి బాగు చేయించుకోవడానికి డబ్బు ఆ వ్యాపారి దగ్గరే అడ్వాన్సుగా తీసుకుంటారు. తాళ్లు తగిలి వల చిరిగితే మళ్లీ అడ్వాన్సు. అడ్వాన్సు పెరిగితే చేపకు ఆయన చెప్పిందే రేటు. చిరిగిన వల కుట్టుకుంటూ కూర్చున్న రోజులకు కూలి ఎవరూ ఇవ్వరు. బీమా చావుకూ అవిటితనానికీ వర్తిస్తుంది, చిరిగిన వలకు వర్తించదు. వల ఖరీదు వేలల్లోనే ఉంటుంది, కారులో వచ్చినవాళ్లకు అది పెద్ద మొత్తం అనిపించకపోవచ్చు. మా ఇళ్లలో దాని వల్ల పిల్లల ఫీజు ఆగుతుంది. ఫీజు కట్టలేక స్కూలు మానేసి పుట్టి ఎక్కిన పిల్లలు నా క్లాసులోనే ఉండేవాళ్లు.

5. కరెంటు తీగలు. ఒడ్డున మోటార్ల కోసం వేసిన లైన్లు ఉన్నాయి. కైట్ సర్ఫింగ్ చేసేవాళ్లు గాలిపటాన్ని ఒడ్డునే లేపుతారు. తడిసిన తాళ్లు, తడిసిన మనిషి, పైన తీగ. ఇంతకంటే చెప్పక్కర్లేదు. బోర్డు లేని ఒడ్డుకు వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎగరేస్తున్న చోట స్తంభాలు దగ్గరగా ఉన్నాయి.

6. గేట్లు ఎత్తే రోజులు. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరంతా సోమశిల మీదికి వచ్చినప్పుడు పెన్న ఎలా పొంగిందో జిల్లా మరిచిపోలేదు. అంత పెద్ద వరద కాకపోయినా, నీరు వదిలే రోజుల్లో గేట్ల ఎగువన లాగుడు ఉంటుంది. మావాళ్లకు ఆ కబురు ఊరి ద్వారా తెలుస్తుంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి?

7. పక్షులు. శీతాకాలంలో జిల్లా చెరువుల నిండా నీటి పక్షులు ఉంటాయి. నేలపట్టులో గూళ్లు పెట్టే గూడబాతులు మేత కోసం దూరదూరాల చెరువులకు పోతాయి. తల మీద అంత పెద్ద గాలిపటం తిరిగితే వాటికి గద్ద వచ్చినట్టే, గుంపు మొత్తం లేచిపోతుంది. పక్కనే పెనుశిల నరసింహ అభయారణ్యం ఉందన్న సంగతి కూడా ఏర్పాటు చేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

8. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టేది చివరికి రాస్తున్నాను. నీటిలో మనిషి గల్లంతైతే ముందు ఎవరికి ఫోన్ వస్తుంది? గజ ఈతగాళ్లు కావాలని మావాళ్లకే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో సరదాగా పడవ ఎక్కిన యువకుల్లో ఆరుగురు చనిపోయారు. 2017 నవంబరు 12న కృష్ణా పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోతే, వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వెళ్లినవాళ్లే. నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ఆ దుఃఖం తెలియని ఊరు లేదు. అలాంటప్పుడు చీకటి నీటిలో మునిగి శవాన్ని వెతికి పైకి తెచ్చే మనిషికి దేహం మీద జాకెట్ ఉండదు, చేతిలో సరైన లైటు ఉండదు. పని అయ్యాక ఎవరో వెయ్యో రెండు వేలో చేతిలో పెడతారు. ఆ రాత్రి వాళ్లు అన్నం తినరు. శవాలు తీయడానికి పనికొచ్చే మనుషులు, ప్రమాదం రాకుండా ఏం చేయాలో మాట్లాడే సమావేశానికి ఎందుకు పనికిరారు?

ఇక్కడ కొందరు అడిగే మాట ఒకటి ఉంది. ఇన్ని ప్రమాదాలు ఉంటే మొత్తం నిషేధిస్తే పోలేదా అని. పోదు. నిషేధించిన తర్వాత ఏం జరిగిందో పైన రాశాను. ఆట ఆగలేదు, మనుషులు చూసే చోటు నుంచి ఎవరూ చూడని చోటుకు వెళ్లింది. చిన్నాన్న పుట్టి తిరగబడినప్పుడు పక్కన మనుషులు ఉన్నారు కాబట్టి బయటపడ్డాడు. ఇప్పుడు వాళ్లు ఎగరేసే చోట ఆ కుర్రాళ్లకు ఏమైనా అయితే కేక వినేవాళ్లు లేరు. అదీగాక, మా పిల్లలకు ఈ నీటితో చేపలు తప్ప ఇంకో బతుకుతెరువు రాకూడదని ఎందుకు అనుకోవాలి? ఈత వచ్చిన, గాలి తెలిసిన పిల్లలు వాళ్లు. నేర్పిస్తే రక్షణ పడవ నడుపుతారు, కోచ్‌లు అవుతారు.

కొండల మధ్య సరస్సుల్లో ఈ ఆటను పద్ధతిగా నడుపుతున్న దేశాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో సుమారు 1,790 మీటర్ల ఎత్తున సిల్వాప్లానా సరస్సు ఉంది. మధ్యాహ్నం కాగానే మలోయా కనుమ మీదుగా గాలి దిగుతుంది, దాని కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ దేశంలో చాలా కాలం కేటాయించిన చోట్ల తప్ప సరస్సుల్లో గాలిపటం లేపనివ్వలేదు. అనుభవం వచ్చాక 2016లో సడలించారు, అప్పుడు కూడా ఎక్కడ కూడదో నిర్ణయించే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఉంచారు. ఇటలీలో గార్డా సరస్సుకు ఉత్తరం వైపు నిటారు కొండలు. ఒడ్డున లేపడానికి చోటు చాలని దగ్గర మనిషినీ గాలిపటాన్నీ పడవలో నడి నీటికి తీసుకెళ్లి అక్కడ లేపుతారు, అదే పడవ రక్షణకూ ఉంటుంది. మన రామేశ్వరంలో నేను నేర్చుకున్నప్పుడు, గాలిని వదిలేసే లాకును కళ్లు మూసుకుని లాగడం వచ్చేదాకా నన్ను నీటిలోకి దిగనివ్వలేదు. సోమశిలలో అంత పెద్ద ఏర్పాట్లు రేపే రావాలని మేం అనడం లేదు. కానీ ఏ నీళ్లు ఎవరివి, ఏ వేళ ఎవరిది అన్న హద్దు గీయడానికి కోట్లు అక్కర్లేదు.

మా డిమాండ్లు ఇవి:

1. రేవు దగ్గర బోర్డు మార్చండి. లైసెన్సు ఉన్న మత్స్యకారుల పుట్లకు, పశువులకు, ఒడ్డు ఊళ్లవాళ్ల రోజువారీ అవసరాలకు ఆ నిషేధం వర్తించదని దాని మీదే స్పష్టంగా రాయండి. కొత్త బోర్డు వచ్చేదాకా ఎవరి పుట్టినీ పట్టుకోవద్దని కింది సిబ్బందికి ఆదేశం ఇవ్వండి. బీమా విషయంలో మా అనుమానానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మిగతావాటికి సమయం పట్టవచ్చు, దీనికి మాత్రం ఒక్క వారం చాలు.

2. కట్టకు, గేట్లకు దగ్గరగా ఏ కాలంలోనైనా గాలిపటం కనపడకూడదు. ఎంత దూరమన్నది ఇంజినీర్లు తేల్చి, నీటిలో ఎర్ర బుడగలు కట్టించాలి. ఒడ్డున కాగితం అంటిస్తే చాలదు.

3. పక్కవాటు గాలి తగిలే, కరెంటు లైన్లు లేని, వలలు తక్కువగా వేసే ఒక్క చోటును గాలిపటాలకు కేటాయించండి. ఆ చోటును మత్స్యకార సంఘం పెద్దలతో కలిసి పుట్టిలో తిరిగి చూసి నిర్ణయించాలి, ఆఫీసులో మ్యాప్ మీద గీస్తే మాకు సమ్మతం కాదు. నీటిమట్టం మారినప్పుడల్లా ఆ చోటును మళ్లీ చూడాలి.

4. వేళలు పంచండి. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా గాలిపటాలు. సాయంత్రం వల వేసే వేళ నుంచి పొద్దున వల తీసేదాకా నీరు పుట్లది. గేట్లు ఎత్తిన రోజు, పిడుగుల హెచ్చరిక మెసేజ్ వచ్చిన రోజు ఎవరికీ అనుమతి వద్దు.

5. గాలిపటంతో దిగేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. హెల్మెట్, లైఫ్ జాకెట్, తాడు కోసుకునే చిన్న కత్తి, సరిగ్గా పనిచేసే లాకు లేకపోతే దిగనివ్వకూడదు. ఇతరులకు కలిగించిన నష్టానికి బీమా కూడా ఉండాలి. వల చిరిగితే అక్కడికక్కడే అంచనా వేసి పరిహారం ఇప్పించే పద్ధతి పెట్టండి. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి చిన్నాన్నకు కుట్లు పడ్డాయి. అందరూ అలాగే ఉంటారన్న నమ్మకం మీద మా బతుకులు నడవకూడదు.

6. నమోదుకు వసూలు చేసే రుసుముతో ఒక మోటారు పడవ, ఇద్దరు ముగ్గురు మా పిల్లలకు రక్షణ శిక్షణ, జీతం. ఒడ్డున స్ట్రెచర్, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి.

7. వేటకు వెళ్లే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఇవ్వండి. గజ ఈతగాళ్లుగా పిలిచేవాళ్ల జాబితా రాసి, వాళ్లకు బీమా, పనిముట్లు, పిలిచిన ప్రతిసారీ నిర్ణయించిన వేతనం ఇవ్వండి. ఇది గాలిపటాలు లేకపోయినా ఎప్పుడో జరగాల్సిన పని.

8. ఒడ్డున కిందికి వేలాడుతున్న తీగలను విద్యుత్ శాఖ వచ్చి సరిచేయాలి.

కైట్ సర్ఫింగ్ చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. రేవుకు రాగానే ముందు పుట్టివాళ్లను కలవండి. ఈరోజు వలలు ఎక్కడున్నాయి, గాలి ఎటు తిరిగేలా ఉంది అని అడగండి. నీటి మీద వరసగా తెల్లటి బెండ్లు కనపడితే దాని కింద ఒక ఇంటి నెల ఖర్చు ఉందని గుర్తుపెట్టుకోండి. ఒంటరిగా దిగకండి. గాలిపటం నీటిలో పడితే, చుట్టూ మనుషులు, వలలు లేరని చూసుకున్నాకే లేపండి. ఆ చివరిది పాటించి ఉంటే మా చిన్నాన్న చేతికి కుట్లు పడేవి కావు. బోర్డు లేని ఒడ్డుకు మాత్రం దయచేసి వెళ్లకండి, అక్కడ మిమ్మల్ని కాపాడటానికి మేం ఉండం.

అధికారులు సమావేశం పెడితే మేం తప్పకుండా వస్తాం. ఒక్క మనవి. ఉదయం 10 గంటలకు నెల్లూరులో పెట్టకండి. అది చేపలు తూకం వేసి డబ్బు చేతికి తీసుకునే వేళ, అప్పుడు వస్తే ఆ రోజు సంపాదన పోతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత రేవులోనే పెట్టండి. గాలి ఎలా తిరుగుతుందో, తీగలు ఎంత కిందికి ఉన్నాయో, బోర్డు మీద ఏం రాశారో అక్కడే చూపిస్తాం. అర్జీ నకలు, రసీదు, చిరిగిన వల మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
సోమశిల జలాశయం ఒడ్డు మత్స్యకార కుటుంబాల తరఫున
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా